విశ్వవిద్యాలయాల అంతర్గత పరిశోధన నిధులు, ఫెలోషిప్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ కాకతీయ విశ్వవిద్యాలయం, వరంగల్ ఎన్‌ఐటీ, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, కరీంనగర్‌లోని శాతవాహన, నిజామాబాద్‌లోని తెలంగాణ విశ్వవిద్యాలయం వంటి సంస్థల్లో పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్లను, కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకులను దృష్టిలో పెట్టుకుని రాసినది. వీటిలో ఎన్‌ఐటీ కేంద్ర సంస్థ, మిగిలినవి రాష్ట్ర విశ్వవిద్యాలయాలు. అందుచేత ఒకచోట చెల్లిన నియమం మరోచోట చెల్లకపోవచ్చు. జాతీయ పథకాలకు సంబంధించిన అంకెలను ఇక్కడ ఇచ్చాము. మీ సంస్థ సొంత పథకం విషయంలో మాత్రం ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఏముంటే అదే ప్రమాణం.

ప్రశ్న: అంతర్గత పరిశోధన నిధి అంటే ఏమిటి?

విశ్వవిద్యాలయం తన సొంత బడ్జెట్ నుంచి తన అధ్యాపకులకు, స్కాలర్లకు ఇచ్చే డబ్బును అంతర్గత నిధి అంటారు. సీడ్ మనీ (పని మొదలుపెట్టడానికి ఇచ్చే తొలి సొమ్ము), స్టార్టప్ గ్రాంటు, ప్రయాణ సహాయం, ప్రచురణ సహాయం, విశ్వవిద్యాలయ పరిశోధన ఫెలోషిప్ అన్నీ ఈ కోవలోకే వస్తాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ), శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్), సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్), శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్‌టీ) వంటి కేంద్ర సంస్థలు ఇచ్చేది బయటి నిధి. 2023లో చేసిన చట్టంతో సెర్బ్ (శాస్త్ర పరిశోధనకు నిధులిచ్చిన కేంద్ర బోర్డు) స్థానంలో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఇచ్చేది కూడా బయటి నిధే.

అంతర్గత నిధి మొత్తం సాధారణంగా చిన్నదే. దానితో ప్రయోగశాల నెలకొల్పడం సాధ్యం కాదు. బయటి సంస్థకు దరఖాస్తు చేసినప్పుడు “ఈ పని మీరు చేయగలరని నమ్మకమేమిటి” అని నిపుణులు అడిగితే చూపించడానికి కావలసిన తొలి ఫలితాలను రాబట్టుకోవడమే దీని అసలు ప్రయోజనం. దరఖాస్తు రాసేటప్పుడు ఈ ప్రయోజనం మనసులో ఉంటే సగం చిక్కులు రావు.

ప్రశ్న: విశ్వవిద్యాలయాలు ఈ డబ్బు ఎందుకు ఇస్తున్నాయి?

యూజీసీ ఒకప్పుడు మైనర్, మేజర్ రిసెర్చ్ ప్రాజెక్టుల పేరిట ఇచ్చిన నిధులు జిల్లాల్లోని కళాశాలల దాకా చేరేవి. అవి నిలిచిపోయాక చిన్న ప్రాజెక్టులకు ఆసరా లేకుండా పోయింది. ఆ లోటును కొంతైనా పూడ్చే పని సంస్థల మీద పడింది. రెండో కారణం ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ మూల్యాంకనం. విశ్వవిద్యాలయాల మాన్యువల్‌లో మూడో ప్రమాణం పరిశోధనకు సంబంధించినది. అధ్యాపకులకు సీడ్ మనీ ఇచ్చారా, ఎంత ఇచ్చారు అన్నది అందులో అడుగుతారు. న్యాక్ కోసమే ఇస్తున్నారని కొందరు చప్పరించేస్తారు కానీ, ఏ కారణంతో వచ్చినా డబ్బు డబ్బే, దానితో చేసిన పని మీదే.

ప్రశ్న: ఎవరు దరఖాస్తు చేయవచ్చు? కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులకు అర్హత ఉంటుందా?

సీడ్ మనీ సాధారణంగా రెగ్యులర్ అధ్యాపకులకు, అందులోనూ ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కానివారికి ఇస్తారు. పదవీ విరమణకు కొద్ది కాలమే మిగిలినవారిని కొన్ని పథకాలు పక్కన పెడతాయి. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల సంగతి సంస్థను బట్టి ఉంటుంది. నోటిఫికేషన్‌లో “రెగ్యులర్” అన్న మాట లేకపోతే అర్హత ఉందని మీకై మీరు అనుకోకుండా, పరిశోధన విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి. అర్హత లేదంటే రెగ్యులర్ అధ్యాపకుడు ప్రధాన పరిశోధకుడిగా, మీరు సహ పరిశోధకుడిగా దరఖాస్తు చేసే వీలుంది. మన ప్రాంతపు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో బోధన భారంలో పెద్ద వాటాను కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులే మోస్తున్నారు కాబట్టి వారిని పూర్తిగా బయట ఉంచే నిబంధనను మార్చుకోవలసిందేనని మా అభిప్రాయం.

ప్రశ్న: నాకు జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) రాలేదు. పీహెచ్‌డీ చేస్తున్నందుకు నెలనెలా ఏమైనా వస్తుందా?

మీరు ఎక్కడ చేరారన్న దాన్ని బట్టి ఉంటుంది. యూజీసీ నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయలు; అది కేంద్రీయ విశ్వవిద్యాలయాల స్కాలర్లకే పరిమితం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల స్కాలర్లు తమ విశ్వవిద్యాలయం సొంతంగా ఇచ్చే ఫెలోషిప్ మీదనో, బయటి పథకాల మీదనో ఆధారపడవలసిందే. హైదరాబాద్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చదివే మిత్రుడికి వస్తున్నది హనుమకొండలో తనకు ఎందుకు రావడం లేదని చాలామంది అడుగుతారు. కారణం ఇదే.

జేఆర్‌ఎఫ్ ఉన్నవారికి 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000, ఆ తరువాతి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) దశలో 42,000 రూపాయలు చెల్లిస్తున్నారు. హాస్టల్ వసతి లేనివారికి ఇంటి అద్దె భత్యం అదనం; కేంద్ర ప్రభుత్వ వర్గీకరణలో వరంగల్ వై శ్రేణి నగరం కాబట్టి ఆ శ్రేణి రేటే వర్తిస్తుంది. ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్‌ను మొదటి రెండేళ్లు 70,000, మూడో ఏడు 75,000, ఆ తరువాత 80,000 రూపాయల చొప్పున నిర్ణయించారు; అది ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవారికే.

జేఆర్‌ఎఫ్ లేనివారు చూడవలసిన దారులు మరికొన్ని ఉన్నాయి. గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కోయ, గోండు, లంబాడ స్కాలర్లు దీన్ని వదులుకోకూడదు. తల్లిదండ్రులకు ఏకైక సంతానమైన అమ్మాయిలకు యూజీసీ సావిత్రీబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ ఉంది. సామాజిక శాస్త్రాల వారికి ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. మైనారిటీ విద్యార్థులకు ఉద్దేశించిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేశారు. పాత వెబ్ పేజీల్లో దాని వివరాలు ఇప్పటికీ కనిపిస్తున్నందున ఈ మాట చెప్పవలసి వస్తోంది.

ప్రశ్న: ఒకేసారి రెండు ఫెలోషిప్‌లు తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. జీవన వ్యయం కోసం నెలనెలా వచ్చే మొత్తం ఒకే చోటి నుంచి రావాలి. విశ్వవిద్యాలయ ఫెలోషిప్ పొందుతుండగా జేఆర్‌ఎఫ్ వస్తే, దానిలో చేరిన తేదీ నుంచి మొదటిదాన్ని వదులుకుంటున్నట్టు లేఖ ఇచ్చి, రెండూ కలిసి జమ అయిన నెలలు ఉంటే ఆ మొత్తాన్ని తిరిగి కట్టాలి. ఎవరూ గమనించరనుకోవద్దు. థీసిస్ సమర్పించేటప్పుడు నో డ్యూస్ (బాకీలు లేవన్న ధ్రువీకరణ) దగ్గర ఇది బయటపడుతుంది, అప్పటికి మొత్తం తడిసి మోపెడవుతుంది. అయితే సెమినార్‌కు వెళ్లడానికి ప్రయాణ సహాయం, గైడు పేరిట మంజూరైన సీడ్ మనీ నుంచి క్షేత్ర ఖర్చులు వంటివి ఫెలోషిప్ కిందికి రావు. ఒకే బిల్లును రెండు చోట్ల పెట్టనంత వరకు వాటికి అడ్డు లేదు.

ప్రశ్న: దరఖాస్తులో ఏం రాస్తే మంజూరవుతుంది?

ఇది అందరూ అడిగే ప్రశ్న కాబట్టి కొంత వివరంగా చెబుతాము. తిరస్కరణకు గురైన ప్రతిపాదనల్లో ఎక్కువ వాటికి వ్యాధి ఒక్కటే: డబ్బు చిన్నది, ప్రశ్న పెద్దది. “వరంగల్ జిల్లా మిర్చి రైతుల సమస్యలు – ఒక అధ్యయనం” అన్న శీర్షికతో వచ్చిన ప్రతిపాదనను చూడగానే, ఇది ఏడాదిలో తేలే పని కాదని కమిటీ సభ్యులకు అర్థమైపోతుంది. అదే విషయాన్ని “కల్లం నుంచి నేరుగా ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతుకు, శీతల గిడ్డంగిలో నిల్వ పెట్టి తరువాత అమ్మిన రైతుకు, అద్దె, హమాలీ, వడ్డీ పోగా క్వింటాలుకు చేతికందినదానిలో తేడా ఎంత” అని అడిగితే, ఎవరిని కలవాలో, ఏ కాగితాలు చూడాలో, ఎంత ఖర్చవుతుందో ప్రశ్నలోనే తెలిసిపోతుంది. తక్ పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు) చూడాలి, గిడ్డంగి రసీదులు చూడాలి, రైతులతో మాట్లాడాలి. రెండు పేజీల్లో చెప్పగలిగిన పని ఇది.

రెండో లోపం కాలం లెక్క. మంజూరు ఉత్తర్వు మే నెలలో చేతికొస్తే, అప్పటికి ఎనుమాములకు మిర్చి రాక ఉధృతి తగ్గిపోయి ఉంటుంది. మళ్లీ పంట రావడానికి నెలలు ఆగాలి. రామప్ప, పాకాల, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువుల పూడిక మట్టిని సేకరించాలంటే నీళ్లు వెనక్కి తగ్గిన ఎండాకాలమే అదను. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో జరుగుతుంది. జాతర మీద ఏడాది ప్రాజెక్టు వేసుకున్నవారికి ఆ ఏడాదిలో జాతరే రాకపోతే చేసేదేమీ ఉండదు. అందుచేత పని ప్రణాళికను “మొదటి మూడు నెలలు సాహిత్య సమీక్ష” అన్న మూస వాక్యంతో మొదలుపెట్టకుండా, మీ విషయానికి అదను ఎప్పుడో చూసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కవేయండి. సాహిత్య సమీక్ష దరఖాస్తుకు ముందే జరిగి ఉండాలి.

మూడోది, ఈ పని పూర్తయ్యాక ఏ బయటి సంస్థకు, ఏ పథకం కింద దరఖాస్తు చేస్తారో స్పష్టంగా రాయాలి. కొత్తగా చేరిన అధ్యాపకులకు 10 లక్షల రూపాయల వరకు ఇచ్చే యూజీసీ డి.ఎస్. కొఠారి రిసెర్చ్ గ్రాంటు ఉంది. అనుసంధాన్ ఫౌండేషన్ యువ పరిశోధకులకు ఇచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరియర్ గ్రాంటు మరొకటి. వాటి నిబంధనలు చదివి మీకు సరిపడే దాని పేరు రాస్తే, ముందుచూపు ఉన్న ప్రతిపాదన అని కమిటీ గుర్తిస్తుంది.

ప్రశ్న: తెలుగు, చరిత్ర, జానపద విజ్ఞానం వంటి విభాగాలవారికి ఇవ్వడానికి కమిటీలు వెనకాడతాయా?

వెనకాడిన సందర్భాలు ఉండవచ్చు, కానీ చాలాసార్లు ఈ విభాగాలవారు అడగవలసినంత అడగకపోవడమే కారణమవుతుంది. “పుస్తకాలు – 10,000” అని ఒక్క పద్దు రాసి ఊరుకుంటే కమిటీకి పని కనిపించదు. ఒగ్గు కథకుల పాఠాలను రికార్డు చేయాలనుకుంటే మంచి రికార్డర్, మైకు, బృందానికి పారితోషికం, ఊరికి వెళ్లిరావడం, పాఠాన్ని విని రాసిపెట్టేవారికి గంటల లెక్కన చెల్లింపు, నిల్వకు రెండు హార్డ్ డిస్కులు కావాలి. ఇవన్నీ న్యాయమైన పద్దులే. కళాకారుల పారితోషికాన్ని “ఇతర ఖర్చులు” కింద దాచకుండా విడిగా చూపాలి, సంతకంతో రసీదు తీసుకోవాలి, రికార్డింగు ప్రతిని వారికి ఇస్తామని ప్రతిపాదనలోనే రాయాలి. నోటిఫికేషన్ ఇంగ్లిషులోనే ఉన్నా, తెలుగు విభాగం ప్రతిపాదనను తెలుగులో ఇవ్వవచ్చేమో అడిగి చూడండి. కనీసం సారాంశం ఇంగ్లిషులో ఉంటే ఇతర విభాగాల సభ్యులకు వీలుగా ఉంటుంది.

ప్రశ్న: ముందుగా ఏయే అనుమతులు కావాలి?

రామప్ప ఆలయం, వరంగల్ కోట, హనుమకొండ వేయిస్తంభాల గుడి భారత పురావస్తు సర్వే సంరక్షణలో ఉన్నాయి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాక రామప్ప మీద, ముఖ్యంగా దాని శిఖరంలో వాడిన తేలికపాటి ఇటుకల మీద ప్రతిపాదనలు తరచుగా వస్తున్నాయి. నమూనా తీయడం మాట అటుంచి, కొన్ని రకాల కొలతలకు, చిత్రీకరణకు కూడా ఆ సంస్థ అనుమతి కావాలి. గుడి ఆవరణలో రాలి పడిన ముక్క కదా అని తెచ్చుకోవడం నేరమవుతుంది. ఏటూరునాగారం అభయారణ్యంలో మొక్కలు, పురుగులు సేకరించాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. మనుషుల నుంచి రక్త నమూనాలు, ఆరోగ్య వివరాలు తీసుకునే పనికి ఎథిక్స్ కమిటీ ఆమోదం పని మొదలుకాక ముందే ఉండాలి; తరువాత తెచ్చుకున్న ఆమోదాన్ని పత్రికలు అంగీకరించవు. అనుమతి రావడానికి పట్టే కాలం ప్రాజెక్టు కాలంలో కలిసిపోకుండా, దరఖాస్తు రోజుల్లోనే ఆ పని మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: కొనుగోళ్లు, బిల్లుల విషయంలో ఏం జాగ్రత్త పడాలి?

మంజూరైన పద్దుల్లో లేనిది కొనకూడదు, మంజూరు ఉత్తర్వు తేదీకి ముందు కొన్న బిల్లు పెట్టకూడదు. నిర్ణీత మొత్తం దాటితే మూడు కొటేషన్లు తప్పనిసరి. ఒకే దుకాణదారు మూడు లెటర్‌హెడ్‌ల మీద, ఒకే చేతిరాతతో, ఒకే అక్షర దోషంతో ఇచ్చిన కొటేషన్లను ఆడిట్‌వారు కాగితం తిప్పేలోపే పట్టేస్తారు. కచ్చా చీటీలు పనికిరావు, జీఎస్‌టీ నంబరున్న పక్కా బిల్లు విశ్వవిద్యాలయం పేరిట ఉండాలి. వస్తువు రాగానే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, ఆ పేజీ నంబరును బిల్లు వెనక రాసి, విభాగాధిపతి సంతకం తీసుకోవాలి.

పెట్రోల్ బంకు, టోల్ గేటు చీటీలు వేడికి రంగు మారే కాగితం మీద వస్తాయి. ఎండాకాలం మోటారు సైకిల్ సంచిలో ఉంచితే కొన్ని వారాలకే తెల్ల కాగితాలవుతాయి. వచ్చిన రోజే జెరాక్స్ తీసి, అసలు చీటీతో కలిపి పిన్ను చేయండి.

ప్రశ్న: సదస్సులకు వెళ్లడానికి సహాయం ఎలా పొందాలి?

పత్రం ఆమోదం పొందినట్టు లేఖ, సదస్సు వివరాలు, గైడు సిఫారసు జతచేసి ప్రయాణానికి ముందే దరఖాస్తు చేయాలి; వెళ్లొచ్చాక చేసే దరఖాస్తులు సాధారణంగా చెల్లవు. మీ అర్హతకు తగిన రైలు తరగతి ఏదో తెలుసుకుని కాజీపేట లేదా వరంగల్ నుంచి టికెట్ తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ నిధులతో విమానం ఎక్కితే టికెట్లు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ద్వారానే కొనాలన్న నిబంధన ఉంది. బోర్డింగ్ పాస్ పారేయవద్దు.

ప్రశ్న: వ్యాస ప్రచురణకు రుసుము ఇస్తారా?

కొన్ని సంస్థలు ఇస్తాయి, పరిమితితో. అసలు రుసుము అడగని మంచి పత్రికలు చాలా ఉన్నాయని ముందుగా గుర్తుచేస్తున్నాము. యూజీసీ తాను గుర్తించిన పత్రికల జాబితా అయిన కేర్‌ను నిలిపివేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది కాబట్టి, “కేర్ లిస్టెడ్” అని వాట్సాప్‌లో వచ్చే పత్రికల ప్రకటనలను నమ్మి డబ్బు కట్టకండి. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ సమర్పణకు ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న షరతును యూజీసీ తొలగించింది. అయినా మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఆ షరతును కొనసాగిస్తుండవచ్చు. చదవడానికి కావలసిన పత్రికల కోసం 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ద్వారా ప్రభుత్వ విద్యాసంస్థలకు ప్రవేశం లభిస్తోంది. మీ గ్రంథాలయాధికారిని అడగండి.

ప్రశ్న: పరిశోధనలో పేటెంటుకు తగినది తేలితే?

వ్యాసం పంపకముందే, సదస్సులో చెప్పకముందే పరిశోధన విభాగానికి తెలియజేయండి. విద్యాసంస్థలకు పేటెంటు రుసుములో 80 శాతం రాయితీని 2021 నుంచి ఇస్తున్నారు. దరఖాస్తు సంస్థ పేరిట ఉంటేనే అది వర్తిస్తుంది.

ప్రశ్న: ఫెలోషిప్ నెలల తరబడి జమ కావడం లేదు. ఎవరిని అడగాలి?

యూజీసీ ఫెలోషిప్‌లో ప్రతి నెలా మీ హాజరును విశ్వవిద్యాలయంలో మేకర్ అనే ఉద్యోగి పోర్టల్‌లో నమోదు చేయాలి, చెకర్ అనే మరో ఉద్యోగి ఆమోదించాలి. ఈ ఇద్దరిలో ఒకరు సెలవులో ఉన్నా ఆ నెల ఆగిపోతుంది. కాబట్టి ఢిల్లీకి మెయిల్ పెట్టేముందు కిందటి నెల నమోదు జరిగిందో లేదో మీ కార్యాలయంలోనే చూసుకోండి. ఆధార్‌తో బ్యాంకు ఖాతా అనుసంధానం తెగిపోవడం మరో కారణం. జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మారడానికి రెండేళ్లు నిండాక కమిటీ మదింపు జరగాలి. ఆ కమిటీ కోసం రెండు నెలల ముందే గైడుతో కలిసి ఫైలు కదపకపోతే, అప్‌గ్రేడ్ ఆలస్యమై బకాయిలు పేరుకుంటాయి. ఇందులో స్కాలరు తప్పు లేకపోయినా నష్టం స్కాలరుదే అవుతోంది, ఇది బాధాకరం.

ఫెలోషిప్ మొత్తం ఐదేళ్లు. పీహెచ్‌డీకి గరిష్ఠ కాలం కోర్సు వర్క్‌తో కలిపి ఆరేళ్లు. ఆ చివరి ఏడాది డబ్బు ఉండదన్నది మొదటి ఏడాదే గుర్తుంచుకోవాలి. మహిళా స్కాలర్లకు పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు మాతృత్వ, శిశు సంరక్షణ సెలవు ఉంది, గడువులో రెండేళ్ల అదనపు సడలింపూ ఉంది. సెలవు ఉత్తర్వు ప్రతిని ఫెలోషిప్ విభాగానికి కూడా విడిగా ఇవ్వాలి. ఒక గదిలో ఇచ్చిన కాగితం పక్క గదికి దానంతటది వెళ్లదు.

ప్రశ్న: డబ్బు మిగిలిపోతే, లేదా గైడు మధ్యలో పదవీ విరమణ చేస్తే ఏమవుతుంది?

మిగిలిన మొత్తాన్ని, దాని మీద వడ్డీ ఏమైనా వచ్చి ఉంటే దానితో సహా, విశ్వవిద్యాలయ ఖాతాకు తిరిగి జమచేయాలి. ఎలాగూ వెనక్కి పోతుంది కదా అని మార్చి నెలాఖరున ప్రింటర్లు కొనడం ఆడిట్‌లో అభ్యంతరానికి దారితీస్తుంది. పని నిజంగా మిగిలి ఉంటే గడువు ముగియడానికి ముందే పొడిగింపు కోరుతూ, ఇప్పటివరకు ఏం జరిగిందో ఒక పేజీలో రాసి ఇవ్వండి. ఖర్చుల పట్టిక, వినియోగ ధ్రువపత్రం, తుది నివేదిక ఈ మూడూ అందితేనే ప్రాజెక్టు ముగిసినట్టు. ఇవి ఇవ్వనివారి తరువాతి దరఖాస్తును పరిశీలనకు తీసుకోరు.

గైడు పదవీ విరమణ చేస్తే సహ పరిశోధకుడి పేరిట ప్రాజెక్టును బదిలీ చేయవచ్చు. సహ పరిశోధకుడు లేకపోతే విభాగాధిపతి సూచించిన మరో అధ్యాపకుడి సమ్మతి లేఖతో రిజిస్ట్రార్‌కు దరఖాస్తు చేయాలి. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న పరికరాలను పదవీ విరమణ తేదీకి ముందే విభాగానికి అప్పగించి, అప్పగింత కాగితం మీద ఇద్దరి సంతకాలు తీసుకోవాలి. ఆ కాగితం లేకపోతే గైడుకు పెన్షన్ ఫైలులో, స్కాలరుకు నో డ్యూస్‌లో ఒకే వస్తువు ఇద్దరి పేరిటా బాకీగా కనిపిస్తుంది.